నాలుగు వందల పన్నెండు వాషర్లు

చీటీల పరిశీలన భవనం,
మూడో అంతస్తు, పదహారో గది.
మంగళవారం.

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమంగా చేరాను. గేటు దగ్గరే ఫోను లాక్కుని ఒక గుడ్డసంచిలో వేసి, నా పేరు రాసి, సీలు వేసేశారు. రెండు నెలల దాకా మళ్ళీ దాని మొహం చూసేది లేదు. అందుకే ఇన్నేళ్ళకి నీకు ఉత్తరం రాస్తున్నాను. నా చేతిరాత చూసి మీ ఆవిడా నువ్వూ నవ్వుకోకండి.

ముందే చెబుతున్నా, మేం రాసేవీ మాకు వచ్చేవీ అన్నీ ఇక్కడ ఒక అధికారి చదివాకే కదులుతాయి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, తక్కువ మాటలు. అందరం ఆయన్ని కళ్ళజోడు సారు అంటున్నాం. (సారూ, ఇది మీరు చదువుతున్నారని తెలుసు. కోపం తెచ్చుకోకండి.) ఏ పార్టీకి ఎన్ని వచ్చాయి, ఎవరి చీటీలు ఎవరి బల్ల మీద ఉన్నాయి అన్నవి తప్ప ఏమైనా రాసుకోవచ్చట.

రికార్డుల గదిలో ఇరవై రెండేళ్ళు దుమ్ము దులిపినదాన్ని, ఈ చీటీలు పరిశీలించే పనికి లాటరీలో నా పేరొచ్చిందంటే ఎవడో కావాలని ఇరికించాడనుకున్నాను. నిన్న హాల్లోకి తీసుకెళ్ళారు. మన రైల్వే గూడ్సు షెడ్డంత ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గోనెసంచులు, నిండా చీటీలు. నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాను. డబ్బున్నవాళ్ళ దగ్గర పార్టీలు చందాలు తీసుకోకూడదని చట్టం వచ్చినప్పటి నుంచీ ఏడాదికోసారి ఇంటికో చీటీ వస్తుంది కదా. ఇష్టమైన పార్టీ పేరు రాసి, సంతకం పెట్టి ఇస్తే, ఖజానా ఆ పార్టీకి చీటీకి ఇంతని ఇస్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని కరెంటు బిల్లులాగే చూశాను. ఏదో ఒకటి రాసి పడేసేదాన్ని, ఒక్కోసారి అదీ లేదు.

ఇక్కడ నిన్న మొదటి సంచి విప్పితే మొదటి చీటీ మీద పిండి అంటిన వేళ్ళ గుర్తులున్నాయి. ఎవరో రొట్టెలు చేస్తూ చేస్తూ చేతులు కడుక్కోకుండా సంతకం పెట్టినట్టున్నారు. రెండోదాని మీద అక్షరాలు వణుకుతున్నాయి, కానీ ఒక్కటీ కొట్టేసింది లేదు. మూడోదాంట్లో పార్టీ పేరు నాకు అస్సలు గిట్టనిది. అయినా దాన్నీ అంతే జాగ్రత్తగా చదునుచేసి పక్కన పెట్టాను. నేను కట్టిన పన్నులోంచి వాళ్ళకీ వెళుతుంది, వాళ్ళు కట్టిన దాంట్లోంచి నాకు నచ్చినవాళ్ళకీ వస్తుంది. ఇది ముందే తెలుసు. కానీ తెలియడం వేరు, ఆ సంచుల మధ్య నిలబడటం వేరురా.

నవ్వొచ్చే సంగతొకటి. చేరేటప్పుడు ఒక ఫారం నింపించారు. ‘దగ్గరి బంధువుల్లో పార్టీ బాధ్యులు ఎవరైనా ఉన్నారా’ అని అడిగారు. లేరని రాశాను. నీది కూడా ఒక పార్టీయేనా? పన్నెండు మంది ప్లంబర్లూ, ఒక టైలరూ. మీ టైలరు అధ్యక్షుడు, నువ్వు కార్యదర్శివి, టైలరు కొట్టు వెనక గది ఆఫీసు. కుళాయి పార్టీ అని రాస్తే కళ్ళజోడు సారు నేను వేళాకోళం ఆడుతున్నాననుకునేవారు.

ఇంటి తాళం మీ ఆవిడ దగ్గరుంది. పెరట్లో మొక్కలకి నీళ్ళు పొయ్యి. వంటింటి కుళాయి కారుతోంది. నీకు చెబుదామనుకుంటూనే ఆరు నెలలు గడిచాయి.

మీ అక్క


పంపుల వీధి, షాపు.
సోమవారం.

అక్కకి,

నీ ఉత్తరం మీ మరదలు రెండుసార్లు పైకి చదివింది. ‘నీది కూడా ఒక పార్టీయేనా’ అన్న చోట మరీ గట్టిగా చదివింది. సరేలే. నువ్వు అనకపోతే ఎవరంటారు.

నీకు ఎప్పుడూ ఓపిగ్గా చెప్పలేదు, నువ్వూ వినలేదు. ఈసారి మధ్యలో లేచి పోలేవు కాబట్టి విను. తూర్పు వీధులకి నీళ్ళు రెండు రోజులకోసారి, అదీ ఎర్రగా. పైపులు మన తాతగారి కాలంవి. అవి మార్చమని పదకొండేళ్ళు అర్జీలు పెట్టి పెట్టి విసుగొచ్చి పార్టీ పెట్టాం. నిరుడు మూడు వేల తొమ్మిది వందల చీటీలు వచ్చాయి. అయిదు వేలు దాటితేనే ఖజానా ఇస్తుంది. వరసగా రెండేళ్ళు దాటకపోతే పార్టీ పేరే పుస్తకంలోంచి కొట్టేస్తారు. ఇది రెండో ఏడు. దాటితే ఒక ఇంజనీరుని పెట్టుకుని పైపుల పటం గీయించి, వచ్చే ఎన్నికల్లో దాన్ని పట్టుకుని నిలబడతాం. దాటకపోతే టైలరు బోర్డు దించేసి దానిమీద బట్టలు కత్తిరించుకుంటానంటున్నాడు.

అందుకే ఈసారి గడప గడపా తిరిగాను. తలుపు తీయగానే నాకు మనిషి కంటే ముందు కుళాయి వినబడుతుంది, నీకు తెలుసు కదా. టప్ టప్ అంటుంటే నా నోట మాట రాదు. ‘ఒక్క నిమిషం అమ్మా’ అని లోపలికి వెళ్ళి వాషరు మార్చి, చేతులు తుడుచుకుని, అప్పుడు పార్టీ సంగతి చెప్పేవాణ్ణి. మన వీధుల్లో వాషరుకి ఏ ప్లంబరూ డబ్బులు తీసుకోడు కదా. మంచినీళ్ళు తాగేంత సేపట్లో అయ్యే పనికి ఖరీదేమిటని నాన్న అనేవాడు. అలా నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో మార్చాను. నాన్న నేర్పినట్టే ఇంటి నెంబరూ, వాషరు సైజూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో ఒక్కరు కూడా చీటీ ఇవ్వనన్నది లేదక్కా. లెక్కల టీచరమ్మ కూడా ఇచ్చింది. ఎదురు పార్టీ జెండా ఇరవై ఏళ్ళుగా ఆవిడ వరండాలో ఉంది, అయినా ఇచ్చింది.

మొత్తం అయిదు వేల నూట ముప్ఫయి చీటీలు కట్టలు కట్టి అప్పజెప్పాం. ఈ పాటికి మీ సంచుల్లో ఉండే ఉంటాయి. కనబడితే పలకరించు.

నీ కుళాయి చేశాను. నీది నాలుగు వందల పదమూడోది. నీ చీటీ మాత్రం అడగలేదు, అడగను కూడా.

నీ తమ్ముడు


చీటీల పరిశీలన భవనం.
శుక్రవారం.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. ఇకమీదట పార్టీ సంగతులు నాకు రాయవద్దు. నీ నోటుపుస్తకం భద్రంగా ఉంచు. చింపవద్దు, పారేయవద్దు, అందులో ఒక్క అక్షరం కూడా దిద్దవద్దు. మొక్కలకి నీళ్ళు పోస్తున్నందుకు సంతోషం.

అక్క


పంపుల వీధి.
శనివారం.

అక్కా,

ఆ నాలుగు ముక్కలేమిటి? ఏదో ఆఫీసు నుంచి నోటీసు వచ్చినట్టుంది. నీకు ఒంట్లో బాగాలేదేమో అని మీ మరదలు రాత్రంతా నన్ను తినేసింది. నోటుపుస్తకం ఎందుకు భద్రంగా ఉంచమన్నావో నాకు అర్థం కాలేదు. గురువారం అర్థమైంది.

గురువారం ఇద్దరు అధికారులు షాపుకి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. నోటుపుస్తకం అడిగారు, ఇచ్చాను. పేజీ పేజీ తిప్పి, చీటీకి బదులు వస్తువో పనో ఇవ్వడం నేరమని మీకు తెలియదా అని అడిగారు. నేను నవ్వాను. నిజంగానే నవ్వానక్కా, వాషరు గురించి అడుగుతున్నారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళు నవ్వలేదు.

నాలుగు వందల పన్నెండు చీటీలూ పక్కన పెట్టారట. అవి పోతే మాకు మిగిలేది నాలుగు వేల ఏడు వందల పద్దెనిమిది. పదకొండేళ్ళ కష్టం పోయినట్టే. టైలరు నాతో మాట్లాడటం లేదు. నిన్న నేనిచ్చిన చొక్కా కుట్టకుండానే గుడ్డల కింద పడేశాడు.

ఒక్కటి చెప్పు. వాషర్ల సంగతి నేను రాసింది నీకు ఒక్కదానికే. చెప్పింది నువ్వేనా? కాదంటే నమ్ముతాను. కాదని రాయి.

తమ్ముడు


చీటీల పరిశీలన భవనం, గోనెసంచుల గది.
బుధవారం.

ఒరేయ్ తమ్ముడూ,

నేనే.

ఇంతవరకు రాసి గంటసేపు కూర్చున్నాను. మిగతాది కూడా చదువు, తర్వాత నీ ఇష్టం.

నీ ఉత్తరాన్ని కళ్ళజోడు సారు నాకంటే ముందే చదివారు. కానీ ఆయన పని ఇక్కడి లెక్క బయటికి పోకుండా చూడటం, అంతే. కవరు నా చేతిలో పెట్టి, ‘పూర్తిగా చదవండమ్మా’ అని మాత్రం అన్నారు. చదివాను. నీకు తెలియని ఒక సంగతుంది. నీ కట్టలు అప్పటికి నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉన్నాయి. నీ చీటీలని నేనే విప్పుతున్నాను గాని, బల్ల మీద ఉన్నంతకాలం ఆ మాట నీకు రాయకూడదు. మన వీధుల సంతకాలు, నేను చిన్నప్పటి నుంచీ చూసిన చేతిరాతలు. కొన్నింటి మీద నీ వేలిముద్ర, గ్రీజుతో. అది చూసినప్పుడల్లా నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కళ్ళజోడు సారు కూడా నోరెత్తరని నాకు అనిపించింది. కానీ పొద్దున హాల్లోకి వెళితే ఆ సంచులన్నీ ఉన్నాయిరా. పిండి చేతులతో రాసినవాళ్ళు, వణికే చేతులతో రాసినవాళ్ళు, వాళ్ళెవరికీ ఎవరూ ఏదీ ఇవ్వలేదు. రాయాలనిపించి రాశారు. వాటి పక్కన నీ నాలుగు వందల పన్నెండూ ఒకటేనని నేను ముద్ర వెయ్యాలి. చెయ్యి లేవలేదు.

నీ ఉత్తరం తీసుకెళ్ళి కళ్ళజోడు సారు బల్ల మీద పెట్టాను. ఫారం సంగతి కూడా చెప్పాను. మా తమ్ముడు పార్టీ కార్యదర్శి, నేను లేరని రాశాను, వాళ్ళది పార్టీ అని నాకెప్పుడూ అనిపించలేదు అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘అయిదు వేల మంది పేరు రాసిచ్చినదాన్ని మీరు పార్టీ కాదనుకున్నారా?’ అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ తప్పు కంటే నాదే పెద్దదిరా. నువ్వు కారే కుళాయి చూసి ఆగలేకపోయావు. నేను సొంత తమ్ముడు పదకొండేళ్ళుగా చేస్తున్నదాన్ని ఆటనుకున్నాను.

నన్ను ఆ బల్ల నుంచి తీసేశారు. ఇప్పుడు ఖాళీ సంచులు దులిపి మడతపెడుతున్నాను. నా సర్వీసు పుస్తకంలో ఒక ఎర్ర గీత పడుతుందట. పడనీ.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకూ వీధివాళ్ళకీ చెప్పవచ్చని సారు అన్నారు. నువ్వు దురుద్దేశంతో చెయ్యలేదని కమిటీ ఒప్పుకుంది. అంతా నీ చేత్తోనే రాసుకున్న పుస్తకం ఉంది కాబట్టి. ఆ నాలుగు వందల పన్నెండు మందికీ కొత్త చీటీలు పంపుతారు. ఎవరి ఇష్టం వచ్చిన పేరు వాళ్ళు రాసి, కవరు అంటించి, నేరుగా ఇక్కడికి పోస్టు చెయ్యాలి. నువ్వు గాని, మీవాళ్ళు గాని ఆ గడపలు తొక్కకూడదు. ఒక చిక్కుంది. ముట్టిన ప్రతిఫలం ఇంట్లో ఉండగా ఆ ఇంటి చీటీ చెల్లదు. దానికి ఖరీదు కట్టేసి తీర్చుకోమందామని కమిటీ మీ ప్లంబర్ల సంఘాన్ని వాషరు ధర అడిగింది. ‘మా దగ్గర వాషరుకి ధర లేదు’ అని వాళ్ళు రాసి పంపించారు. అది చదివి కమిటీ తల పట్టుకుంది. చివరికి ఉన్న నిబంధననే ఉన్నట్టుగా అచ్చువేసి చీటీతో పాటు పంపుతున్నారు.

నన్ను తిట్టుకో. కానీ ఉత్తరం రాయడం మానకు.

మీ అక్క


పంపుల వీధి.
ఆదివారం.

అక్కా,

మొదటి మూడు రోజులు నిన్ను తిట్టుకున్నాను. నాలుగో రోజు మీ మరదలు, ‘ఆవిడ చేసింది మీ నాన్న చేసేదే కదా, ఉన్నదున్నట్టు చెప్పెయ్యడం’ అంది. ఆ తర్వాత తిట్టడానికి ఏమీ దొరకలేదు.

కొత్త చీటీలు మొన్న మంగళవారం వచ్చాయి. నేను షాపులోంచి కదలలేదు. ఎవరైనా పని మీద పిలిచినా మా వాళ్ళలో ఒకర్ని పంపుతున్నాను, అదీ తూర్పు వీధులు కాకుండా. బుధవారం మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికి వస్తుంటే తూర్పు వీధి మలుపులో ఏదో వినబడింది. టప్. టప్. ఆగాను. పక్కింట్లో ఇంకోటి. ఎదురింట్లో ఇంకోటి. ముందు నా చెవులు పాడయ్యాయనుకున్నాను. దిగి నడిచాను. వీధి ఆ చివరి దాకా, ఇంటింటా, ప్రతి కుళాయీ కారుతోంది. వరండాల్లో బకెట్లు, తపేలాలు, రంగు డబ్బాలు కూడా పెట్టారు. చుక్క చుక్క చప్పుడుతో వీధంతా ఏదో సన్నగా మాట్లాడుకుంటున్నట్టుంది.

లెక్కల టీచరమ్మ పెరట్లో ఉంది. డెబ్భై ఏళ్ళావిడ, చీర కొంగు బిగించి, పెద్ద పానా రెండు చేతులతో పట్టుకుని కుళాయి తిప్పుతోంది. నేను గేటు బయటే ఉండి, టీచరమ్మగారూ, అది అటు తిప్పకూడదు అన్నాను. వెనక్కి తిరిగి చూసి, ‘నువ్వు నోరు మూసుకుని అక్కడే ఉండు, గేటు లోపల అడుగు పెట్టావంటే నా చీటీ చెల్లదు’ అంది. అడుగు పెట్టలేదు. అయిదు నిమిషాలు అవస్థ పడి, వాషరు ఊడదీసి, కొంగుతో తుడిచి, ఎండకి పట్టుకుని చూసింది. నీ వస్తువు ఇంట్లో ఉండగా చీటీ చెల్లదన్నారు కాబట్టి కవర్లో పెట్టి వాళ్ళకే పంపేస్తున్నాం అంది. వీధి వీధంతా అదే చేస్తోందట. ఎవరు మొదలుపెట్టారని అడిగాను. ఎవరో ఏమో, నిబంధన చదివితే ఎవరికైనా తట్టేదే కదా అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా పార్టీ కోసం ఇంత చేస్తున్నారా అన్నాను. అప్పుడావిడ చెప్పిన మాట నీకు రాయాలి.

‘నీ పార్టీకి కాదురా. అప్పుడు కుళాయి బాగు చేశావని మొహమాటానికి ఇచ్చాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా చేత్తో వేరే పేరు రాసి, వారం రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు నా పార్టీ పేరే రాసుకుంటాను. అది చెల్లాలన్నా నీ వాషరు నా ఇంట్లో ఉండకూడదు కదా.’

అక్కా, ఆ మాటతో నాకు అప్పటిదాకా అర్థం కానిదంతా అర్థమైంది. ఒక్కరు కూడా కాదనలేదని నీకు గొప్పగా రాశాను చూడు, అక్కడే అనుమానం రావలసింది. మనవాళ్ళు మొహమాటం కొద్దీ ఏమైనా ఇస్తారు. ఆ నాలుగు వందల పన్నెండులో నిజంగా మావి ఎన్నో, మొహమాటం ఎన్నో నాకు తెలియదు. ఒక్కటి కూడా మాది కాకపోవచ్చు. కనీసం రెండు వందల ఎనభై మూడు రావాలి. రావనే అనుకుంటున్నాను.

కానీ నువ్వు నమ్ము, ఆ వీధిలో నిలబడితే అది కూడా చిన్న సంగతే అనిపించింది. మాకు ఇచ్చేవాళ్ళూ వాషరు తీశారు, మాకు ఇవ్వనివాళ్ళూ తీశారు. తమ చీటీ తమదే కావాలని. ఎంత బాధగా ఉందో అంత గర్వంగా ఉంది. రోజూ పొద్దున లేవగానే వెళ్ళి ఆ వీధి చివర నిలబడి వింటున్నాను. చేతులు జేబుల్లో పెట్టుకుంటున్నాను, బయట ఉంటే ఆగవు.

తమ్ముడు


చీటీల పరిశీలన భవనం, గోనెసంచుల గది.
గురువారం.

నా బంగారు తమ్ముడూ,

లెక్క ఈ పొద్దున బోర్డు మీద పెట్టారు కాబట్టి ఇప్పుడు రాయవచ్చు. రేపు పేపర్లో నువ్వే చూస్తావు. కానీ నేను చూసింది పేపర్లో ఉండదు.

మీ వీధుల కవర్లు విప్పే రోజు సారు గోనెసంచుల గదికి వచ్చి, ‘మీరు బల్ల దగ్గరికి రాకూడదు గాని, తలుపు దగ్గర నిలబడి చూడవచ్చు’ అన్నారు. నిలబడ్డాను. మొదటి కవరు చింపగానే చీటీతో పాటు నల్లగా ఒకటి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. విప్పిన అమ్మాయి పురుగనుకుని కుర్చీ ఎక్కేసింది. రెండో కవర్లో ఇంకోటి. మూడోదాంట్లో ఇంకోటి, దారంతో చీటీకి కుట్టి మరీ పంపించారు. కాసేపటికి హాల్లో తక్కిన బల్లలవాళ్ళు కూడా పనులాపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. మన వీధులే కాబట్టి నేను మనసులో ఒక్కో ఇల్లూ అనుకుంటూ ఉన్నాను. ఒక్కో వాషరు పడినప్పుడల్లా ఎక్కడో ఒక ఇంట్లో ఒక కుళాయి కారుతున్నట్టే కదా.

ఒకావిడ వాషరు ఊడిరాలేదని కుళాయి తలకాయ తలకాయే పంపేసింది. ఇంకొకాయన ‘వాషరు అరిగిపోయింది, అరిగినంత వెనక్కి ఇవ్వలేను, క్షమించాలి’ అని కాగితం రాసి పెట్టాడు. ఆ కాగితం మీద కమిటీ పావుగంట చర్చించి, చెల్లుతుందని తేల్చింది. చీటీలు చెల్లుబాటు చేశాక వాషర్లన్నీ ఒక గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టారు. మూడు వందల ఎనభై ఎనిమిది. సారు కళ్ళజోడు తీసి దాని వంక చాలాసేపు చూశారు. ‘ఈ చట్టం రాసినప్పుడు నేను కూడా కూర్చున్నానమ్మా, ఇది ఎవరికోసం రాస్తున్నామో అప్పుడు తెలియలేదు’ అన్నారు. (సారూ, ఇది రాసినందుకు మన్నించండి. కొట్టేయకండి.)

ఆ మూడు వందల ఎనభై ఎనిమిదిలో నలభై అయిదు వేరే పార్టీలకి. మీకు మూడు వందల నలభై మూడు. పాతవాటితో కలిపి అయిదు వేల అరవై ఒకటి. దాటారురా. మొహమాటం తీసేసినా అంతమంది నీకే ఇచ్చారు. టైలరుకి చెప్పు, బోర్డు మీద కత్తెర పెట్టవద్దని.

సరే, నాకొక పని చేసిపెట్టు. ఇక్కడ పనిచేసేవాళ్ళ చీటీలు అన్నిటికంటే ఆఖరున, వచ్చే ఆదివారం వేయించుకుంటారు. నా చీటీ ఇంకా ఖాళీగానే నా పెట్టెలో ఉంది. నువ్వు ఈ ఉత్తరం అందగానే మా ఇంటికి వెళ్ళి, వంటింటి కుళాయిలో నువ్వు వేసిన వాషరు ఊడదీసి నాకు పోస్టు చెయ్యి. ఆదివారం లోపల అందాలి. అయిదు వేలు దాటాక ఇది మీకు అవసరం లేదని నాకు తెలుసు. ఎందుకని మాత్రం అడగకు.

మీ అక్క


అక్క వంటిల్లు.
శుక్రవారం.

అక్కా,

నీ పొయ్యి పక్కన గట్టు మీద పెట్టుకుని రాస్తున్నాను. తీశాను. ఈ కవర్లోనే ఉంది, అరంగుళం సైజు, అరగలేదు.

ఉత్తరం టైలరుకి చూపించాను. గుడ్డల కింద నుంచి నా చొక్కా తీసి కుట్టడం మొదలుపెట్టాడు. ఆ మూడు వందల నలభై మూడు అన్న అంకె మీద మాత్రం సుద్దతో గీత గీసి, నన్ను మళ్ళీ చదవమన్నాడు.

సోమవారం నుంచీ తూర్పు వీధుల్లోకి వెళ్ళవచ్చని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పన్నెండు మందిమీ వీధులు పంచుకున్నాం. లెక్కల టీచరమ్మ ఇల్లు నేను తీసుకున్నాను. మొట్టమొదట అక్కడికే వెళతాను. వరండాలో ఆ జెండా కిందే పానా పెట్టి పని చేస్తాను. చీటీల కాలం అయిపోయింది కాబట్టి ఆవిడ గేటు తీస్తుంది.

నీ కుళాయి కింద గిన్నె పెట్టాను. టప్ టప్ అంటోంది. ఇంతసేపు కారే కుళాయి పక్కన చేతులు ముడుచుకుని కూర్చోవడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఎందుకని నేను అడగలేదు చూడు. అడగకుండానే పక్కన ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను, మీ మరదలికి చెప్పకు.

అన్ని ఇళ్ళూ అయ్యాక ఆఖరున నీది. నువ్వు వచ్చి, తాళం తీసి, నన్ను పిలిచేదాకా దీన్ని ముట్టుకోను. గిన్నె నిండినప్పుడల్లా తీసుకెళ్ళి నీ మొక్కలకి పోస్తున్నాను.

నీ తమ్ముడు